సైకిలు టైరు – రిమ్ములోని గాడి

సైకిలు చక్రంలో గాలి నింపినవాడు డన్లప్ అని అందరికీ తెలుసు. నింపిన గాలిని చక్రం మీద నిలిపి వుంచటం ఎట్లాగో కనుగొన్నవారి పేర్లు మాత్రం చాలమందికి తెలియవు. నిజానికి ఈ రెండవ సమస్యే మొదటిదానికంటె జటిలమైనది. నడిరోడ్డు మీద ట్యూబు ఢామ్మని పేలినప్పుడు మనకు ఎదురయ్యేది కూడా ఈ రెండవ సమస్యే. కావున దాని చరిత్రను కొంచెం పరిశీలిద్దాము.

ముందుగా ఒక భేదాన్ని గుర్తించాలి. పంక్చరు వేరు, పేలటం వేరు. ముల్లో మేకో గుచ్చుకొంటే ట్యూబుకు సన్నని రంధ్రం పడుతుంది. గాలి మెల్లగా పోతుంది. ఒక అతుకు వేస్తే సరిపోతుంది. పేలిన ట్యూబు అట్లా వుండదు. అంగుళాల పొడవున చీలిపోయి, అతుకుకు లొంగకుండా వుంటుంది. ముందుచక్రంలో ఇది జరిగితే ఎక్కినవాడు కింద పడే ప్రమాదం కూడా వున్నది.

థామ్సన్ – డన్లప్

గాలి టైరును మొట్టమొదట ఊహించినవాడు స్కాట్లండుకు చెందిన రాబర్ట్ విలియం థామ్సన్. 1845లో ఆయన పేటెంటు పొందాడు. రబ్బరు పట్టించిన కాన్వాసు గొట్టం, దానిపైన దళసరి తోలు తొడుగు – ఇదీ ఆయన ఏర్పాటు. 1847లో లండనులోని రీజెంట్స్ పార్కులో ఇటువంటి చక్రాలు గల గుర్రపుబండిని నడిపి చూపించాడు. ఒక జత చక్రాలు సుమారు 1,200 మైళ్ళు తిరిగాయట. ఐనా ఆ పరికరం మరుగున పడిపోయింది. అప్పటికి రబ్బరు ఖరీదైనది; గాలి టైరు అవసరమైన సైకిలు ఇంకా పుట్టలేదు.

40 ఏళ్ళ తరువాత, 1887లో, బెల్‌ఫాస్టులో పశువైద్యుడుగా వున్న జాన్ బాయిడ్ డన్లప్ తన కుమారుని మూడుచక్రాల బండికోసం ఇదే ఆలోచనను తిరిగి చేశాడు. ఒక కొయ్యపలక చుట్టూ పలుచని రబ్బరు గొట్టం చుట్టి, దానిపై నారబట్ట కప్పి మేకులు కొట్టాడు. దీనిని, గట్టి రబ్బరు అంచుగల బండిచక్రాన్ని పెరట్లో దొర్లించి చూశాడు. బండిచక్రం సగం దూరం పోయి పడిపోయింది. గాలి చక్రం పెరడు దాటి గేటుకు తగిలి వెనక్కు వచ్చింది. 1888లో ఆయనకు పేటెంటు లభించింది. 1889 మే నెలలో బెల్‌ఫాస్టులో జరిగిన పందేలలో విల్లీ హ్యూమ్ అనే యువకుడు గాలి టైర్ల సైకిలు ఎక్కి గెలుపొందాడు. గట్టి టైర్ల కాలం అక్కడితో ముగియసాగింది.

1890లో డన్లప్ పేటెంటు చెల్లదని తేలింది. థామ్సన్ పాత పేటెంటు బయటపడటమే దీనికి కారణం. టైర్ల తయారీకి వెలసిన కంపెనీకి ఇది పెద్ద దెబ్బ. గాలి టైరు అనే ఆలోచన ఇప్పుడు ఎవరి సొత్తూ కాదు. ఇక పోటీ అంతా ఒక్క విషయంలోనే: టైరును రిమ్ముకు పట్టించటం ఎట్లా?

గాలి చేసే పని

గాలి బుడగను గుడ్డసంచిలో పెట్టి ఊదండి. సంచి నిండేవరకు బుడగ సాగుతుంది. ఆపైన వత్తిడిని భరించేది గుడ్డే. సైకిలులో ట్యూబు ఆ బుడగ, టైరు ఆ సంచి. ట్యూబు పని గాలి పోకుండా చూడటం మాత్రమే. బలమంతా టైరులోని దారాలది.

ఆ బలం ఎంత? గేజి చూపే పీడనం చదరపు సెంటీమీటరుకు 2.8 కిలోగ్రాములు (చదరపు అంగుళానికి 40 పౌన్లు) అనుకొందాము. టైరు అడ్డుకొలతలో వ్యాసార్ధం 1.85 సెంటీమీటర్లు. పీడనాన్ని వ్యాసార్ధంతో గుణిస్తే టైరు గోడలోని బిగువు వస్తుంది: సెంటీమీటరు పొడవుకు సుమారు 5 కిలోగ్రాములు. చుట్టుకొలత పొడవునా ఈ లాగుడును రిమ్ము, టైరు అంచు కలిసి నిలపాలి. ఏ ఒక్కచోటనైనా అంచు రిమ్ము నుండి లేస్తే ఆ సందులో నుండి ట్యూబు బుడగలాగా పైకి పొంగుతుంది. పొంగినకొద్దీ దాని వ్యాసార్ధం పెరుగుతుంది, బిగువు పెరుగుతుంది, రబ్బరు పలుచనవుతుంది. ఆపైన పేలటానికి క్షణం పట్టదు.

గాడి రహస్యం

డన్లప్ తన టైరును రిమ్ముకు గుడ్డచుట్టలతోను జిగురుతోను అతికించాడు. అది గట్టిదే, కాని పంక్చరు పడితే విప్పటం గగనమయ్యేది. 1889లో ఫ్రాన్సులోని క్లెర్మాఁ-ఫెరాఁలో ఎడ్వార్ మిషెలిన్ కార్ఖానాకు అటువంటి టైరు ఒకటి బాగుకు వచ్చింది. విప్పి అతికించటానికి మూడు గంటలు, జిగురు ఆరటానికి ఒక రాత్రి పట్టాయి. 1891లో మిషెలిన్ సోదరులు విడదీయటానికి వీలైన టైరును తయారుచేశారు. ఆ సెప్టెంబరులో జరిగిన పారిస్–బ్రెస్ట్–పారిస్ పందెంలో షార్ల్ తెరాఁ ఆ టైర్లతోనే సుమారు 1,200 కిలోమీటర్లు 71 గంటల 22 నిమిషాలలో పూర్తిచేసి మొదటివాడుగా వచ్చాడు.

అంతకు ముందే, 1890లో, బ్రిటనులో ఇద్దరు రెండు మార్గాలు చూపారు. విలియం బార్ట్‌లెట్ టైరు అంచును లావుగా చేసి, లోపలికి వంగిన రిమ్ము కొనలలో ఇరికించాడు. దీనిని పట్టి వుంచేది గాలి వత్తిడే. గాలి తగ్గితే పట్టు కూడా తగ్గుతుంది. చార్లెస్ కింగ్‌స్టన్ వెల్ష్ మార్గం వేరు. టైరు రెండు అంచులలోను సాగని తీగవలయాన్ని ఇమిడ్చి, రిమ్ము నడుమ గాడి వుంచాడు.

సాగని వలయం తనకంటె పెద్దదైన రిమ్ము గట్టును దాటి లోనికి పోయేది ఎట్లా? లెక్క చూడండి. వలయం కూర్చునే చోట రిమ్ము వ్యాసం 635 మిల్లీమీటర్లు, గట్టు ఎత్తు 6 మిల్లీమీటర్లు అనుకొంటే, గట్టు వద్ద వ్యాసం 647. వలయం ఒకవైపున 6 మిల్లీమీటర్ల లోతుగల గాడిలోకి దిగితే, గాడి అడుగునుండి ఎదుటి గట్టు అంచుకు దూరం 635 మాత్రమే. వలయం సునాయాసంగా దాటుతుంది! గాలి నిండిన తరువాత ట్యూబు రెండు అంచులను గాడినుండి పైకి నెట్టి గట్టులకు ఆనిస్తుంది. వలయం నడుమకు చేరుతుంది. ఇక ఏ వైపునా దాటి రాలేదు. విప్పటానికి వీలు, నడిచేటప్పుడు పట్టు – రెండూ ఒకే గాడివల్ల సాధ్యమైనవి. డన్లప్ కంపెనీ ఈ పేటెంటును కొన్నది. ఆ తీగ అంచు పద్ధతే సైకిళ్ళలో స్థిరపడింది. మన దేశంలో 1936లో బెంగాలులోని సాహాగంజ్‌లో డన్లప్ టైర్ల కర్మాగారం వెలసింది. మన ఊళ్ళలో తిరిగే 28 అంగుళాల సైకిలు టైరు అంచును నొక్కి చూస్తే వెల్ష్ తీగ చేతికి తగులుతుంది.

చరిత్ర చెప్పే పద్ధతి

టైరు ఎక్కించే సరైన పద్ధతికి కారణాలన్నీ ఈ గాడిలోనే వున్నవి.

స్పోకుల కొనలు ట్యూబుకు తగలకుండా రిమ్ముకు టేపు సరిగా వుండాలి. ట్యూబులో కొద్దిగా గాలి కొట్టి గుండ్రని ఆకారం తెప్పించాలి. అప్పుడు మెలిక పడదు, అంచు కిందికి జారదు. వాల్వు నట్టును అప్పుడే బిగించరాదు. రెండవ అంచును వాల్వుకు ఎదుటివైపున మొదలుపెట్టి వాల్వు వద్ద ముగించాలి. ఎందుచేతనంటే, వాల్వు మొదలు దళసరిగా వుండి అక్కడ తీగను గాడిలోకి దిగనివ్వదు. ఎక్కించినంతమేర తీగను గాడిలోకి నొక్కుతూ వస్తే చివరి జానెడు చేతులతోనే ఎక్కుతుంది. అక్కడ స్క్రూడ్రైవరు వాడితే ట్యూబుకు గాయమవుతుంది.

తరువాత వాల్వును ఒకసారి లోపలికి నెట్టి వదలాలి; అక్కడ ఇరుక్కున్న ట్యూబు విడిపోతుంది. రెండు పక్కలా చక్రం చుట్టూ టైరును వేళ్ళతో పక్కకు వత్తి, అంచు కింద ట్యూబు ఎక్కడా కనిపించటంలేదని చూడాలి. సగం గాలి కొట్టి చక్రం తిప్పాలి. టైరు పక్కన వుండే సన్నని గీత రిమ్ముకు అంతటా సమదూరంలో వుంటే అంచు సరిగా కూర్చున్నట్లు. లేకుంటే గాలి తీసి సరిచేయాలి. ఆ పిమ్మటనే, టైరుపై అచ్చువేసిన పరిమితికి లోబడి, పూర్తి గాలి నింపాలి.

"ఎండకు ట్యూబు పేలింది" అని మనవారు అంటూ వుంటారు. దీనిని కూడా లెక్కతో పరీక్షించవచ్చును. 27 డిగ్రీల సెంటీగ్రేడునుండి 57 డిగ్రీలకు వేడెక్కితే పరమ ఉష్ణోగ్రత 300 నుండి 330కి, అనగా నూటికి 10 వంతులు పెరుగుతుంది. వాతావరణ పీడనాన్ని కలుపుకొంటే లోని పీడనం 3.83 నుండి 4.21కి చేరుతుంది. పెరిగినది 0.4 కన్న తక్కువ. సరిగా కూర్చున్న మంచి టైరు ఈ మాత్రం భారానికి లొంగదు. అంచు కింద చిక్కుకున్న ట్యూబుకైతే అదే చాలు. ఎండ సాకు, అసలు కారణం టైరు ఎక్కించిన రోజునే ఏర్పడింది.

ఉపాధ్యాయులు ఒక పాత రిమ్మును, టైరును తరగతికి తెప్పించి, గాడి లోతును గట్టు ఎత్తును విద్యార్థులచేత కొలిపించవచ్చును. వృత్తాలను గురించిన పాఠం, వాయువులను గురించిన పాఠం, 1890 నాటి ఒక యంత్రజ్ఞుని యుక్తి – మూడూ ఒక్క చక్రంలో దొరుకుతవి. ఆపైన ఆ పిల్లలు తమ సైకిళ్ళకు తామే టైర్లు ఎక్కించుకోగలుగుతారు.