పని వచ్చు, నోరు పెగలదు

మంగళగిరి నుంచి గుంటూరు పోయే దారిలో, కాజ దాటాక నాగార్జున విశ్వవిద్యాలయం వస్తుంది. 1967లో గుంటూరులో ఆంధ్రా యూనివర్సిటీ పి.జి. సెంటర్‌గా మొదలై 1976లో సొంత విశ్వవిద్యాలయం అయింది. ఆ ఏడు సెప్టెంబర్ 11న దాన్ని ప్రారంభించింది అప్పటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్. ఒక ముసల్మాను చేతులమీదుగా తెరుచుకున్న తలుపులే. అయినా ఈ చుట్టుపక్కల షేక్‌ల పిల్లలకి అందులో మాదీ అనే వాటా దొరకడానికి ఇంకో ముప్పై ఒక్క ఏళ్ళు పట్టింది.

ఇప్పుడు కాలేజీల్లో ఎక్కడ చూసినా ఒకటే మాట: పర్సనాలిటీ డెవలప్‌మెంట్, సాఫ్ట్ స్కిల్స్. మావాళ్ళ గురించి అడిగితే మాస్టార్లు జాలిగా చెప్తారు, 'మీ పిల్లలకి స్కిల్ తక్కువండీ, కాన్ఫిడెన్స్ అసలుండదు' అని. ఇందులో మొదటి మాట అబద్ధం. బెజవాడ ఆటోనగర్ షెడ్డుల్లోకి వెళ్ళి చూడండి. మీసాలు రాని పిల్లాడు లారీ ఇంజన్ చప్పుడు విని జబ్బేమిటో చెప్తాడు. ఉస్తాద్ దగ్గర స్పానర్లు అందించడంతో మొదలై, తిట్లు తిని, చేతులు కాల్చుకుని నేర్చిన విద్య అది. దూదేకులవాళ్ళు తరతరాలుగా దూది ఏకారు, పరుపులు కుట్టారు. యంత్రాలొచ్చి ఆ పని తినేశాయిగానీ చేతిలో పని లేని జాతి కాదు మాది. ఆ పనికి సర్టిఫికెట్ లేదు, అంతే. అదే పిల్లాడు డిగ్రీ చదివి ఇంటర్వ్యూ బోర్డు ముందు కూర్చుంటే నోరు పెగలదు.

ఎందుకు పెగలదు? దీనికి చరిత్ర ఉంది.

నౌకరీకి ఏ భాష కావాలో ఎప్పుడూ మేము నిర్ణయించలేదు. 1837లో కంపెనీవాళ్ళు కోర్టుల్లోంచి పర్షియన్‌ని తీసెయ్యడానికి చట్టం చేశారు. మున్షీల కొడుకులకి తండ్రుల విద్య అక్కరకు రాకుండా పోయింది. ఆ స్థానంలోకి వచ్చిన ఇంగ్లీషు ఫీజు కట్టగలిగినవాళ్ళకి వచ్చింది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని బెజవాడలోనే పెట్టారు, నాలుగేళ్ళకి అది వాల్తేరు వెళ్ళిపోయింది. జట్కా తోలేవాడి కొడుకు వాల్తేరు రైలెక్కి పి.జి. చదివే మాటేనా?

అవతల నిజాం రాజ్యంలో ఇంకో ప్రయోగం జరిగింది. 1917లో తర్జుమా శాఖ పెట్టి పాఠ్యపుస్తకాలన్నీ ఉర్దూలోకి మార్పించారు, 1918లో ఉస్మానియా వచ్చింది. డాక్టరీ, ఇంజనీరింగు కూడా ఉర్దూలోనే చెప్పారు. ఇంట్లో మాట్లాడే మాటతోనే క్లాసులో మాట్లాడితే గొంతులో వణుకుండదని అది రుజువు చేసింది. అయితే మనం పొంగిపోయి ఊరుకోకూడదు. తెలంగాణ తెలుగు పిల్లాడికి అదే ఉర్దూ గోడై నిలబడింది. 1948 తర్వాత ఆ ఉర్దూ చదువు నౌకరీకి పనికిరాకుండా పోయింది. నిన్నటి అర్హత తెల్లారేసరికి లోపమైపోవడం మాకిది రెండోసారి.

కోస్తాలో మా కథ ఇంకా చిత్రం. ఇక్కడి దూదేకుల ఇళ్ళలో మాట తెలుగే. షేక్‌ల ఇళ్ళలో తురకం ఉన్నా బడి తెలుగు బడే. అయినా గుంటూరు జిల్లాలో పుట్టి పెరిగిన అమ్మాయిని పట్టుకుని, 'అరె, నీ తెలుగు భలే ఉందే!' అని మెచ్చుకుంటారు. మెచ్చుకున్నాయన మనసులో చెడ్డేమీ ఉండకపోవచ్చు. కానీ ఆ ఒక్క మాటతో ఆ అమ్మాయి తను పరాయిదాన్నని గుర్తుచేసుకుని, తర్వాతి ప్రశ్నకి తడబడుతుంది. అద్దె గది కోసం తిరిగి, పేరు చెప్పగానే 'లేదమ్మా, ఇప్పుడే ఇచ్చేశాం' అనిపించుకున్న రోజున గ్రూప్ డిస్కషన్‌లో గొంతెత్తమంటే ఎట్లా?

దూదేకులకి, మెహతర్లకి 1970 నుంచే బి.సి. జాబితాలో చోటుంది. మిగతా పేద ముస్లింల సంగతి 2004 దాకా కదల్లేదు. ఆ ఏడు ఇచ్చిన అయిదు శాతాన్ని కోర్టు కొట్టేసింది. 2005లో చట్టం చేస్తే దాన్నీ కొట్టేసింది. 2007లో పి.ఎస్. కృష్ణన్ నివేదిక మీద నాలుగు శాతం ఇచ్చి, సయ్యద్‌లు, పఠాన్‌లు, మొఘల్‌లు వంటివాళ్ళని పక్కనపెట్టి, షేక్‌లతో సహా పద్నాలుగు సమూహాలని బి.సి.-ఇ అన్నారు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు మళ్ళీ కొట్టేసింది, మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలిపింది. ఆ ఆరేళ్ళూ ఇంటర్ పాసైన మా పిల్లలు సీటుందో లేదో పేపర్లో చూసుకుంటూ బతికారు. 2006లో సచార్ కమిటీ లెక్కతీస్తే దేశంలో ఇరవై ఏళ్ళు దాటిన ముస్లింలలో డిగ్రీగానీ డిప్లొమాగానీ ఉన్నవాళ్ళు నూటికి నలుగురు కూడా లేరు.

సీటుకి ఫీజు రీయింబర్స్‌మెంటు తోడయ్యాక బస్సుల్లో బుర్ఖా అమ్మాయిలు ఇంజనీరింగు పుస్తకాలతో కనిపించసాగారు. ఇంటికి ఒకరు చదివితే వెనకవాళ్ళకి దారి తెలుస్తుంది. ఫారం ఎట్లా నింపాలి, ఇంటర్వ్యూకి ఏం కట్టుకుపోవాలి, జీతం ఎంత అడగాలి అన్నవి ఏ సిలబస్‌లోనూ ఉండవు. వేరేవాళ్ళ ఇళ్ళలో బాబాయో మేనమామో అన్నం తింటూ చెప్పేస్తాడు. మావాళ్ళకి ఆ బాబాయి ఇప్పుడిప్పుడే తయారవుతున్నాడు. అందుకే ఉద్యోగాల్లో కుదురుకున్న మావాళ్ళు ఏడాదికి నాలుగు ఆదివారాలు హాస్టళ్ళకి వెళ్ళి కూర్చుంటే చాలు. సెమినార్లలో మొదటి ఏడాది తెలుగులో మాట్లాడనిచ్చి, రెండో ఏడు ఇంగ్లీషు అడిగితే బాగుంటుంది. ఆటోనగర్‌లో గడిచిన సెలవుల్ని అనుభవం కింద రాసుకోవచ్చని ప్లేస్‌మెంట్ ఆఫీసు ఆ పిల్లాడికి చెప్పాలి. ఇప్పుడా కాగితంలో ఆ గడిని ఖాళీగా వదిలేస్తున్నాడు.