పార్క్‌లేన్ సీడీల నుంచి రచ్చబండ దాకా

సికింద్రాబాద్ కంప్యూటర్ చరిత్ర అడిగితే ఇప్పటి పిల్లలు హైటెక్ సిటీ దగ్గర మొదలుపెడతారు. సైబర్ టవర్స్ తెరిచింది 1998 నవంబరులో. అప్పటికే మా ఊరికి ఈ విద్యలో మంచి అనుభవం ఉంది. సరోజినీదేవి రోడ్డు మీద సీఎంసీ సంస్థ 1980ల మొదట్లోనే పరిశోధన కేంద్రం పెట్టింది. సత్యం కంప్యూటర్స్ 1987లో పుట్టింది పీ అండ్ టీ కాలనీలో. దేశంలోని రైల్వే రిజర్వేషన్ కేంద్రాలను ఒకదానితో ఒకటి కలిపే ‘కాన్సర్ట్’ వ్యవస్థను క్రిస్ సంస్థ 1994 సెప్టెంబరులో మొట్టమొదట నడిపి చూసింది కూడా సికింద్రాబాద్‌లోనే.

మేనేజర్లను తయారుచేయడంలోనూ జంటనగరాలు వెనకబడి లేవు. బెల్లా విస్టాలో ఉన్న అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ 1956లో వెలిసింది. సైన్యాధికారులకు నిర్వహణ విద్య నేర్పే కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్ సికింద్రాబాద్‌లో 1970 నుంచి ఉంది. ఇన్ని ఉన్నా ఒక పనిని మాత్రం పాఠంగా ఎక్కడా చెప్పలేదు. జీతం ఇవ్వని చోట, ఆర్డరు వేసే అధికారం లేని చోట, ఎవరి ఇష్టం మీద వాళ్లు వచ్చి పనిచేసే చోట ఒక సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టును ఏళ్ల తరబడి నిలబెట్టడం ఎలాగో మా తరానికి ఎవరూ నేర్పలేదు.

నేను ఈ ఊరి కంపెనీల్లోనే ప్రోగ్రామరుగా చేరి ప్రాజెక్ట్ మేనేజరుగా రిటైరయ్యాను. ఇప్పుడు వారాంతాల్లో కుర్ర మేనేజర్లకు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు నడిపే తీరు చెబుతుంటాను. పాఠాల కోసం ఈ విద్య మన దగ్గరికి ఎలా వచ్చిందో, ఎవరు ఎలా నేర్చుకున్నారో వెతకడం మొదలుపెట్టాను. ఆ వెతుకులాటలో తేలిన సంగతులే ఇవి.

మొదట వచ్చింది సరుకు. 1996లో పీసీక్వెస్ట్ పత్రిక సంచికతో పాటు లినక్స్ సీడీ ఇచ్చింది. ఇంటర్నెట్ అంటే టెలిఫోన్ లైన్ మీద గీపెట్టే మోడెం అనుకునే రోజులవి. వందల మెగాబైట్ల సాఫ్ట్‌వేర్ దించుకోవడం మామూలు ఇళ్లలో కలలో మాట. ఆ సీడీ చేతులు మారింది. పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టుపక్కల కంప్యూటర్లు బిగించే కుర్రాళ్లు దాన్ని కాపీ కొట్టి ఇచ్చేవాళ్లు. మిగతా సీడీల్లో చాలావాటిని కాపీ చేయడం నేరం. దీన్ని కాపీ చేసి పంచుకోమని లైసెన్సే చెబుతోంది. ఆ తేడా విని నేను నిజంగా ఆశ్చర్యపోయాను.

తర్వాత పాఠాలు వచ్చాయి. అమీర్‌పేటలో లినక్స్ అడ్మినిస్ట్రేషన్ బోర్డులు వేలాడాయి. ఏ కమాండ్ కొడితే ఏం జరుగుతుందో నేర్పారు, ఉద్యోగాలూ దొరికాయి. కానీ ఆ సీడీలోని వేలాది ప్రోగ్రాములను ప్రపంచం నలుమూలల మనుషులు ఒకరి ముఖం ఒకరు చూడకుండా ఎలా తయారుచేశారు, గొడవ వస్తే ఎలా తీర్చుకున్నారు, పెద్దాయన తప్పుకుంటే బండి ఎలా నడిచింది అన్నది ఏ సిలబస్‌లోనూ లేదు.

ఆ పద్ధతి అప్పటికే బయట పెద్దదయింది. రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టును 1983లో ప్రకటించాడు. లైనస్ టోర్వాల్డ్స్ తన లినక్స్ కెర్నల్‌ను 1991లో బయటపెట్టాడు. ఇయాన్ మర్డాక్ 1993లో మొదలుపెట్టిన డెబియన్‌ను నేను పాఠంలో ఎక్కువసేపు చెబుతాను. వాళ్లు 1998లో తమ ప్రాజెక్టుకు ఒక రాజ్యాంగం రాసుకున్నారు. నాయకుణ్ని ఏటా ఓటు వేసి ఎన్నుకుంటారు. ఆ రాజ్యాంగం మొదట్లోనే ఒక సంగతి తేల్చేస్తుంది: ఈ ప్రాజెక్టు కోసం ఏ పనీ చేయవలసిన బాధ్యత ఎవరి మీదా లేదు. నచ్చని పని అప్పగిస్తే చేయనక్కర్లేదు, ప్రాజెక్టు నియమాలకు, వాటి ప్రకారం తీసుకున్న నిర్ణయాలకు వ్యతిరేకంగా పనిచేయకపోతే చాలు.

ఈ నిబంధన విన్నప్పుడు క్లాసులో మేనేజర్ల ముఖాలు చూడాలి. మన కంపెనీల్లో నేర్పిన మేనేజర్‌గిరీ అంతా దీనికి ఎదురు దిశలో ఉంటుంది. గడువు, బిల్లింగ్, అప్రైజల్, ఎస్కలేషన్, బెంచ్ మీద ఎంతమంది ఉన్నారన్న లెక్క. వీటిలో ఒక్కటీ డెబియన్ నాయకుడి చేతిలో లేదు. అయినా ఆ ప్రాజెక్టు ముప్పై ఏళ్లు దాటి నడుస్తోంది. ఇది అదృష్టం కాదు, నేర్చుకుంటే వచ్చే పనితనం.

తెలుగులో ఈ పనితనం ఎక్కడ పుట్టిందని చూస్తే ముందు కనబడేది ఒక గొలుసు. 1990ల్లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఇంగ్లిషు కీబోర్డుతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతి తయారుచేశారు. తర్వాత వెన్న నాగార్జున ‘పద్మ’ అనే ఉపకరణం రాసి, దాని సోర్సు అందరికీ వదిలిపెట్టారు. ఆ పద్మను ఆధారం చేసుకుని వీవెన్ 2006లో తెలుగు టైపు చేసే ‘లేఖిని’ని నిలబెట్టారు. ఒకరు చేసినదాని మీద ఇంకొకరు అనుమతి కోసం తిరగకుండా కట్టుకుంటూ పోయారు. ఇవాళ తెలుగులో టైపు చేసే నా వయసువాళ్లలో లేఖినితో అక్షరాభ్యాసం చేసినవాళ్లు ఎంతమందో.

అదే నాగార్జున 2003 డిసెంబరు 10న తెలుగు వికీపీడియాను మొదలుపెట్టారు. ఆ రోజుల్లో దాని చుట్టూ చేరినవాళ్లలో ఎవరూ మేనేజ్‌మెంట్ కోర్సు చదివి రాలేదు. తెలుగు బ్లాగర్లు యూసఫ్‌గూడ కృష్ణకాంత్ పార్కులో ఆదివారాలు కలుసుకునేవాళ్లు. ఈతెలుగు సంఘంవాళ్లు హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో స్టాలు పెట్టి, దారినపోయేవాళ్లను కూర్చోబెట్టి కంప్యూటర్లో తెలుగు ఎలా రాయాలో చూపించారు. మన దగ్గర ఈ విద్యకు బడి అంటూ ఉంటే అది ఆ స్టాలే అంటాను. నాయకులయ్యేవాళ్లు ముందు కుర్చీలు సర్దారు, కరపత్రాలు పంచారు, అడిగిందే మళ్లీ అడిగినా విసుక్కోకుండా చెప్పారు.

తెలుగు వికీపీడియాలో అందరూ చర్చించుకునే పేజీకి ‘రచ్చబండ’ అని పేరు పెట్టుకున్నారు. నిర్వాహకుణ్ని ఎంచుకునే తీరు చూడండి. ఒకరు పేరు ప్రతిపాదిస్తారు. ఆ మనిషి ఒప్పుకుంటున్నట్టు రాయాలి. తర్వాత ప్రశ్నలు వస్తాయి: ఫలానా పేజీలో మీరు కొత్త వాడుకరితో ఎందుకు కటువుగా మాట్లాడారు, తొలగింపు విధానం చదివారా? మద్దతు ఇచ్చేవాళ్లు, వ్యతిరేకించేవాళ్లు కారణం రాసి సంతకం పెడతారు. అదంతా పేజీ చరిత్రలో ఉండిపోతుంది. ఎవరైనా ఎప్పుడైనా తిరగేసి చదువుకోవచ్చు. నేను పనిచేసిన చోట్ల ప్రమోషన్ ఎందుకు వచ్చిందో, ఎందుకు రాలేదో మూసిన గదిలోనే ఉండిపోయేది. ఇక్కడ నాయకత్వం ఎలా ఇచ్చారో, ఏం చూసి ఇచ్చారో బహిరంగంగా రాసి ఉంది. మేనేజర్లకు ఇంతకంటే మంచి పాఠ్యపుస్తకం నాకు దొరకలేదు.

ఈ రెండు పద్ధతులూ ఎదురుపడ్డ సందర్భం కూడా మన వికీలోనే ఉంది. 2009 తర్వాత గూగుల్ తన అనువాద ఉపకరణంతో, డబ్బిచ్చి పెట్టుకున్న అనువాదకులతో భారతీయ భాషల వికీపీడియాల్లోకి పెద్ద పెద్ద వ్యాసాలు ఎక్కించింది. తెలుగు అందులో ఒకటి. ఉద్దేశం మంచిదే, భాషలో సమాచారం పెరగాలని. నిర్వహణ మాత్రం కంపెనీ పద్ధతిలో జరిగింది. ఏ వ్యాసం కావాలో పైన నిర్ణయమైంది, పదాల లెక్కన పని సాగింది. ఇంగ్లిషు వాక్యం తెలుగు లిపిలో తలకిందులుగా వేలాడింది. చర్చాపేజీలో ఎవరైనా ప్రశ్న రాస్తే జవాబిచ్చే మనిషి కరువయ్యాడు, ఆ అనువాదకుడి పని అప్పటికే అయిపోయింది కాబట్టి. తమిళ వికీవాళ్లు పట్టుబట్టి గూగుల్‌తో మాట్లాడారు. బెంగాలీవాళ్లు అడ్డుకున్నారు. తెలుగులో ఆ వ్యాసాలు ఏళ్లపాటు దిద్దేవాళ్లు లేక పడి ఉన్నాయి. చివరికి సముదాయం కూర్చుని చర్చించి చాలావాటిని తొలగించింది.

ఇందులో దుర్మార్గం ఎవరిదీ లేదు. రాసినదాన్ని రేపు ఎవరు చూసుకుంటారన్న ప్రశ్న మొదటి రోజే వేసే నాయకుడు లేకపోవడమే లోపం. ప్రాజెక్టును చేతికిచ్చి తప్పుకోవడానికి కంపెనీలో ఒక తేదీ ఉంటుంది. స్వేచ్ఛా ప్రాజెక్టులో ఆ తేదీ రాదు.

ఇదే ప్రశ్న ఇంకా వెనక్కి తీసుకెళ్లింది నన్ను. హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం 1901లో, మా సికింద్రాబాద్‌లో ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయం 1905లో పుట్టాయి. నిజాం రాజ్యంలో తెలుగుకు సర్కారు ఆదరణ లేని కాలంలో చందాలతో, దాతల చేయూతతో, జీతం అడగని కార్యకర్తల శ్రమతో నిలిచిన సంస్థలవి. పైసా జీతం లేకుండా పదిమందిని కూడగట్టి పని నడిపించడం మన నేలకు కొత్త కాదు. ఆ గ్రంథాలయ ఉద్యమానికి ఊపిరి పోసిన కొమర్రాజు లక్ష్మణరావు 1906లో మొదలైన విజ్ఞాన చంద్రికా మండలిని నడిపించారు, ఆ తర్వాత ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్నారు. అంత పాండిత్యం, అంత శ్రమ మన భాషలో అరుదు. అయినా ఆ మహాకార్యం ‘అ’ అక్షరపు సంపుటాల దగ్గరే ఆగింది. 1923లో ఆయన పోయారు. కాశీనాథుని నాగేశ్వరరావు తర్వాత పూనుకున్నారు, 1938లో ఆయనా పోయారు. ఒక్క మనిషి భుజాల మీద ఉన్న పని ఆ మనిషితోపాటే ఆగిపోవడం ఎంత పెద్ద నష్టమో తెలియాలంటే ఆ సంపుటాలు చేతిలోకి తీసుకుని చూడాలి. తెలుగు వికీపీడియన్లు తమలో బాగా పనిచేసినవాళ్లకు ఇచ్చిన పురస్కారానికి కొమర్రాజు పేరే పెట్టుకున్నారు. ఆయన ఆపిన చోటు నుంచి మొదలుపెట్టి, ఎందరు వచ్చిపోయినా ఆగకుండా సాగుతున్నారు.

అందుకే నా పాఠాల్లో వారసత్వం ముందు వస్తుంది. మీరు రేపు రాకపోతే విడుదల బటన్ ఎవరు నొక్కుతారు, డొమైన్ ఎవరి పేరు మీద ఉంది, పాస్‌వర్డులు ఎందరి దగ్గర ఉన్నాయి? ఈ ప్రశ్నలకు కాగితం మీద జవాబు రాయిస్తాను. ఇంజనీరింగ్ కాలేజీల్లో స్వేచ్ఛ సంస్థ నడిపే గ్నూ/లినక్స్ బృందాల పిల్లలకు ఇది చెప్పకుండానే తెలుసు. ఫైనలియర్ వాళ్లు ఏటా వెళ్లిపోతారు కాబట్టి అప్పగింత కూడా ఏటా జరగాల్సిందే. ‘చందమామ కథలు’ పేరుతో తెలుగు భాషా నమూనా తయారుచేసే పనికి స్వేచ్ఛ పూనుకున్నప్పుడు వేలమంది విద్యార్థులు పాలుపంచుకోగలిగారంటే ఆ అలవాటు కూడా ఒక కారణమని నా నమ్మకం.

రెండో అభ్యాసం ఇంకా చిన్నది. ఒక కొత్త అమ్మాయి పంపిన మొదటి మార్పును అచ్చువేసి ఇస్తాను. పన్నెండు ఫైళ్లు మార్చింది. అందులో అసలు తప్పును సరిచేసింది మూడు లైన్లే, మిగతావి ఖాళీల సర్దుబాట్లు. వివరణలో ‘ఫిక్స్‌డ్’ అని ఒకే మాట. దీనికి జవాబు రాయండి అంటాను. ఎక్కువమంది ‘నిబంధనలు చదివి మళ్లీ పంపండి’ అని రాస్తారు. ఆ జవాబు చదివిన అమ్మాయి మళ్లీ రాదు. ఆ మూడు లైన్లను పేరుపెట్టి మెచ్చుకుని, ఖాళీల మార్పులను విడిగా పంపమని, ఎలా విడదీయాలో ఒక ఉదాహరణ చూపి, ఎప్పట్లోగా తిరిగి చూస్తారో చెబితే ఆ అమ్మాయి ఇంకో ఏడాదికి వేరేవాళ్ల మార్పులు పరిశీలించే స్థాయికి వస్తుంది. ఈ జవాబు రాయడానికి పది నిమిషాలు పడుతుంది. మేనేజరు చేయగల అతి విలువైన పని ఆ పది నిమిషాలే.

మూడోది లైసెన్సు. 2010లో ఒరాకిల్ సన్ సంస్థను కొన్న తర్వాత ఓపెన్ఆఫీస్ డెవలపర్లు చాలామంది అదే ఏడు సెప్టెంబరులో బయటికి వచ్చి లిబ్రేఆఫీస్ పెట్టుకున్నారు. కోడు తీసుకుని వెళ్లిపోయే హక్కు లైసెన్సులోనే ఉంది. తర్వాతి ఏడు ఒరాకిల్ ఓపెన్ఆఫీస్‌ను అపాచీకి ఇచ్చేసింది. మీ కింద పనిచేసేవాళ్లు ప్రాజెక్టుతో సహా వెళ్లిపోగలరని తెలిసి నాయకత్వం చేయాలి. అప్పుడు వినడం దానంతటదే అలవాటవుతుంది.

2015లో కేంద్ర ప్రభుత్వం తన శాఖల్లో ఓపెన్ సోర్సుకు ప్రాధాన్యం ఇవ్వాలని విధానం ప్రకటించింది. ప్రభుత్వ అప్లికేషన్ల సోర్సు కోడును తెరిచే విధానమూ అదే ఏడాది వచ్చింది. అంటే ఈ విద్య ఇప్పుడు ఉత్సాహవంతులకే కాదు, జిల్లా కచేరీలో టెండరు పరిశీలించే అధికారికీ కావాలి.

అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ మొదలు మన ఇంజనీరింగ్, మేనేజ్‌మెంట్ కాలేజీల దాకా అందరికీ నా విన్నపం ఒకటే. స్వేచ్ఛా ప్రాజెక్టుల నిర్వహణను ఒక పూర్తి పాఠ్యాంశంగా పెట్టండి. రచ్చబండ పాత చర్చలనే పాఠ్యపుస్తకంగా తీసుకోండి, వాటికి ఖర్చు లేదు. ఇది చదువుతున్న మేనేజర్లూ, పై ఏడాది దాకా ఆగకండి. ఈ వారమే తెలుగులో నడిచే ఏదో ఒక ప్రాజెక్టులో ఒక చిన్న తప్పు దిద్ది పంపండి. ఎవరు ఎలా జవాబిస్తారో గమనించండి.