ఎవరి తరఫున? ఎవరి పేరు మీద?

మా శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతంలో ‘ఏజెన్సీ’ అంటే కొండ. ఫలానా ఆయన ఏజెన్సీలో మేష్టారు అంటే సీతంపేటలోనో గుమ్మలక్ష్మీపురంలోనో పనిచేస్తున్నాడని అర్థం. పరిశోధన కోసం యూనివర్సిటీకి వెళ్ళాక అదే మాట ఇంకో అర్థంలో వినపడటం మొదలైంది. స్త్రీవాద చర్చల్లో ఏజెన్సీ అంటే కర్తృత్వం, తన జీవితాన్ని గురించి తనే నిర్ణయించుకోగల శక్తి. నా సిద్ధాంత గ్రంథంలో ఆ మాట ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. దానికి వ్యాపార చట్టంలో మూడో అర్థం ఒకటుందని మాత్రం మా అమ్మ పేరు మీద బ్యాంకు నోటీసు వచ్చిన రోజునే తెలిసింది.

మా నాన్న ప్రభుత్వోద్యోగి. అనుమతి లేకుండా వ్యాపారం చేయడానికి ఉద్యోగ నియమాలు ఒప్పుకోవు. అందుకని తమ్ముళ్ళతో కలిసి పెట్టిన రైసుమిల్లులో తన వాటాని అమ్మ పేరు మీద రాయించాడు. భాగస్వామ్య దస్తావేజులో అమ్మది నాలుగో వంతు. ఆవిడ ఆ మిల్లు గుమ్మం తొక్కింది రెండుసార్లే, రెండూ ఆయుధపూజ రోజులే. నాన్న పోయిన కొన్నేళ్ళకి మిల్లు అప్పుల్లో పడింది. మొత్తం బాకీకి మీరు కూడా బాధ్యులే అంటూ అమ్మకి నోటీసు వచ్చింది. ఆ కాగితంలో ఏముందో చదివావా అని అడిగితే, “ఏటుందో నాకేటి తెలుసు? మీ నాన్నగారు సంతకం పెట్టీమన్నారు, పెట్టీసేను” అంది.

సాహిత్య విద్యార్థిని నేను. అయినా ఆ నెలంతా చట్టాల పుస్తకాలు ముందు వేసుకుని కూర్చున్నాను. నోటీసుకి జవాబు వెతకబోతే ఈ ప్రాంతపు ఆడవాళ్ళ చరిత్ర కొంత కళ్ళపడింది. ఈ వ్యాసం దాని గురించే.

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో పదో అధ్యాయం ఏజెన్సీ గురించి. ఒకరి తరఫున పని చేయడానికి, లేదా ఇతరులతో వ్యవహారాల్లో వారికి బదులుగా నిలబడటానికి నియమితమైన వ్యక్తి ఏజెంటు. ఎవరి తరఫున ఆ పని జరుగుతుందో వారు ప్రిన్సిపల్, మన వాడుకలో యజమాని. యజమాని కావాలంటే మేజరై ఉండాలి, మతి స్థిమితం ఉండాలి అంటుంది 183వ సెక్షన్. మూడో మనిషితో వ్యవహారం మటుకు ఎవరైనా ఏజెంటు కావచ్చు, మైనరైనా సరే, అంటుంది 184. ఏజెన్సీ ఏర్పడటానికి ప్రతిఫలం అవసరం లేదు అంటుంది 185. ఈ మూడో వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఇంకొకరి కోసం ప్రతిఫలం లేకుండా పని చేయడం ఆడవాళ్ళకి కొత్త కాదు. దానికి చట్టంలో ఒక సెక్షన్ నంబరు ఉందని మాత్రం తెలీదు.

కొండకి ఆ పేరు ఎలా వచ్చిందో కూడా అప్పుడే అర్థమైంది. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలని 1839లో ఇరవై నాలుగో చట్టంతో మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి కలెక్టరుకి అప్పగించారు. ఆ హోదాలో ఆయన పేరు ‘గవర్నరుగారి ఏజెంటు’. ఆయన పాలించే నేల ఏజెన్సీ అయింది. ఏజెంటూ ఉన్నాడు, అతన్ని నియమించిన గవర్నరూ ఉన్నాడు. ఎవరి నేల మీద ఇదంతా జరిగిందో ఆ సవరలు, జాతాపులు ఆ ఒప్పందంలో ఏ పక్షమూ కారు.

పక్షం కాకుండానే ఒప్పందంలో ఇరుక్కోవడం అనగానే మన జిల్లాలవాళ్ళకి కన్యాశుల్కం గుర్తుకు రావాలి. కాంట్రాక్టు చట్టం వచ్చిన ఇరవై ఏళ్ళకి, 1892లో విజయనగరంలో ఆ నాటకం ప్రదర్శించారు. 1897లో అచ్చయింది. విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో జరిగిన శుల్క వివాహాల జాబితా ఒకటి ఆనందగజపతి తయారు చేయించారని గురజాడ ముందుమాటలో చెప్పారు. అందులో లెక్కకి వచ్చినవి 1034. మనం దీన్ని దురాచారంగా చదివాం, సంస్కరణగా చదివాం. ఈసారి నేను వ్యాపారంగా చదివాను. అగ్నిహోత్రావధాన్లు అమ్మేవాడు. లుబ్ధావధాన్లు కొనేవాడు. రామప్పంతులు అందరి తరఫునా మాట్లాడతానంటూ తన సంగతి చూసుకునే మధ్యవర్తి. సుబ్బి సరుకు. ఆ బేరంలో సుబ్బికి నోరు లేదు.

ఆ నాటకంలో తన వ్యవహారం తను చక్కబెట్టుకునే ఆడమనిషి మధురవాణి ఒక్కతే. పెళ్ళికూతురి కోసమని పంతులు పట్టుకెళ్ళిన తన కంటె తెచ్చి ఇచ్చేదాకా ఆయన్ని గుమ్మంలోకి రానివ్వనంటుంది. ఒక పని కోసం వస్తువు ఇస్తే పని అయ్యాక తిరిగి ఇవ్వాలనే నియమం కాంట్రాక్టు చట్టంలో 148వ సెక్షన్. మధురవాణికి ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. కుటుంబం బయట ఉన్న స్త్రీకే ఆస్తి మీద అంత స్పష్టత ఉండటం ఎందుచేత? ‘నాది’ అనే మాట ఆమెకి అవసరం. మా అమ్మకి ఆ మాట అవసరం లేదని ముందే అందరూ అనుకున్నారు, అమ్మతో సహా.

మా అమ్మమ్మది పొందూరు దగ్గర పల్లె. నూలు వడికేది. పొందూరు సన్న ఖాదీ గురించి చాలామంది రాశారు. గాంధీ తన కొడుకు దేవదాస్‌ని అక్కడికి పంపిన సంగతీ రాశారు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వడం, గింజ తీయడం, ఏకడం, అరటి దొప్పలో ఏకుల్ని దాచుకోవడం, నూరో నంబరు నూలు వడకడం, ఇన్ని పనులూ ఆడవాళ్ళ చేతుల మీదుగా జరిగాకే మగ్గం దాకా వెళ్ళేది. కుంపెణీ కాలంలో చికాకోల్ మస్లిన్లుగా పేరుపడ్డవి ఈ ప్రాంతపు బట్టలే. అప్పుడు బయానాలు వర్తకుల ద్వారా, గుమాస్తాల ద్వారా నేతగాళ్ళకి అందేవి. వడికే మనిషి ఆ ఒప్పందం బయట ఉండేది.

1925లో అఖిల భారత చరఖా సంఘం ఏర్పడింది. వడికేవాళ్ళకి బతకడానికి సరిపడే కూలి ఇచ్చి తీరాలని ఆ సంఘం నిర్ణయించుకోవడానికి 1935 దాకా పట్టింది. పొందూరులో ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం 1949లో వచ్చింది. వీటివల్ల ఎన్నో ఇళ్ళలో పొయ్యి వెలిగింది, కాదనను. నా ప్రశ్న వేరు. చట్టం దృష్టిలో మా అమ్మమ్మ ఎవరు? పత్తి ఆవిడదైతే ఆవిడ నూలు అమ్మే వర్తకురాలు. పత్తి సంఘానిదైతే కూలికి పని చేసిపెట్టే మనిషి. సభ్యత్వం, ఓటు ఉంటే యజమానుల్లో ఒకతె. మనుషుల మాటల్లో మాత్రం ఆవిడ ‘ఖాళీ ఉన్నప్పుడు వడికేది’. ఏ పేరూ లేని పనికి ఏ వాటా అడుగుతుంది?

సరే, కూలైనా ఆవిడదేనా? పెళ్ళైన స్త్రీ సంపాదన ఆమె సొంత ఆస్తి అని 1874లోనే ఒక చట్టం వచ్చింది. అది హిందూ, ముస్లిం, బౌద్ధ, సిక్కు, జైన స్త్రీలకి వర్తించదని అందులోనే రాసి ఉంది. హిందూ స్త్రీలకి కోర్టులు చెప్పిన ధర్మశాస్త్రంలో కాత్యాయనుడి నియమం ఉంది. పెళ్ళైన స్త్రీ శిల్పంతో, అంటే చేతిపనితో సంపాదించింది భర్త అధీనంలో ఉంటుందట. రాట్నం కన్నా చేతిపని ఏముంటుంది? మా తాతయ్య నూలు డబ్బులు తీసుకుని జేబులో వేసుకునేవాడని అమ్మ చెప్పేది. అది ఆయన చెడ్డతనం అనుకునేదాన్ని. చట్టమే ఆ జేబు కుట్టింది. సొంత నైపుణ్యంతో, శ్రమతో సంపాదించింది కూడా స్త్రీకి సంపూర్ణంగా చెందుతుందని 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్‌లో వచ్చింది. అప్పటికి అమ్మమ్మ చాలా ఏళ్ళుగా వడుకుతోంది.

భార్యని ఏజెంటుగా చూడటం చట్టానికి అలవాటే. ఇల్లు నడిపే భార్య ఇంటి అవసరాలకి అరువు తెస్తే భర్త కట్టాలి, ఎందుకంటే ఆమె అతని ఏజెంటు అని ఇంగ్లీషు చట్టం చెప్పింది. అది మన కోర్టులకీ వచ్చింది. 1880లో డెబెన్‌హమ్, మెలన్ కేసు తీర్పు ప్రసిద్ధం. భార్యాభర్తలిద్దరూ ఒక హోటల్ నడిపే ఉద్యోగులు. ఆమె బట్టలు అరువు తెచ్చుకుంది. భర్త వద్దన్నాడు కనుక, వాళ్ళకి వేరే కాపురం లేదు కనుక అతను కట్టక్కర్లేదన్నారు. ఉద్యోగం చేస్తున్న స్త్రీ గురించి కూడా చర్చంతా ఆమె ఎవరి తరఫున కొన్నది అన్నదే.

ఇక భాగస్వామ్యం. ఇది మొదట కాంట్రాక్టు చట్టంలోనే ఒక అధ్యాయం. 1932లో వేరే చట్టమైంది. ప్రతి భాగస్వామీ సంస్థకి ఏజెంటు అంటుంది 18వ సెక్షన్. సంస్థ చేసిన ప్రతి పనికీ ప్రతి భాగస్వామీ విడిగానూ ఉమ్మడిగానూ బాధ్యత వహించాలంటుంది 25. అంటే నాలుగో వంతు వాటా ఉన్న మనిషి దగ్గర మొత్తం అప్పూ వసూలు చేయవచ్చు. మరుదులు చేసిన అప్పు అమ్మ చేసిన అప్పే. ఆ సంస్థని కట్టిపడేసే అధికారం అమ్మకీ సమానంగా ఉండేది, వాడుకోలేదంతే. విడిపోతానన్నా పాత బాకీ వదలదు. పైగా రిజిస్ట్రారుకి తెలియజేసి, గెజెట్‌లోనూ ఒక తెలుగు పత్రికలోనూ ప్రకటన వేయించేదాకా కొత్త బాకీలు కూడా చుట్టుకోవచ్చు.

ఉమ్మడి కుటుంబ వ్యాపారమైతే ఇంకో కథ. దానికి కర్త ఉంటాడు. వితంతువు కర్త కాలేదని 1965లో సుప్రీంకోర్టు చెప్పింది. మన రాష్ట్రం 1985 సెప్టెంబరు 5 నుంచి అమలయ్యేలా పెళ్ళికాని కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. దేశమంతటా కూతుళ్ళందరికీ అది 2005లో వచ్చింది. పెద్ద కూతురు కర్త కావచ్చని 2015 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు అన్నది. ఇవన్నీ కూతుళ్ళ హక్కులని గమనించండి. భార్యగా, కోడలిగా వచ్చిన స్త్రీకి ఆ దారి లేదు. ఆమెకి మిగిలింది సంతకం.

ఇదంతా అమ్మకి తెలుగులో చదివి చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విన్నది 12వ సెక్షన్ ఒక్కటే. వ్యాపారం నడపడంలో పాల్గొనే హక్కు, లెక్కల పుస్తకాలు చూసి నకలు తీసుకునే హక్కు ప్రతి భాగస్వామికీ ఉన్నాయని అందులో ఉంది. “నేనడిగితే చూపించాలా?” అంది. చూపించాలన్నాను. మర్నాడు పొద్దున్నే చిన్నాన్నకి ఫోన్ చేసింది. “వదినా, నీకెందుకమ్మా ఆ గొడవ, మేం చూసుకుంటాం గదా” అన్నాడాయన. “నోటీసు నాకే వచ్చింది గదా బాబూ, పుస్తకాలూ నాకే సూపించు” అంది.

అమ్మతో పిన్ని కూడా వచ్చింది. ఆవిడ అదే అప్పుకి జామీను సంతకం పెట్టింది. జామీనుదారు బాధ్యత అసలు బాకీదారుతో సమానమని ఆవిడకీ ఎవరూ చెప్పలేదు. ముగ్గురం మిల్లు గదిలో రెండు రోజులు కూర్చున్నాం.

పుస్తకాల్లో అమ్మ పేరు మీద ఒక ఖాతా ఉంది. ఏటా లాభంలో నాలుగో వంతు జమ, కింద వాడకాలు. వాడకాలన్నీ నాన్న చేతి మీదుగా వెళ్ళాయి. ఇంటికి సిమెంటు, తమ్ముడి బండి, ఆ తర్వాత వరసగా నాలుగేళ్ళు నా యూనివర్సిటీ ఫీజు, హాస్టల్ ఖర్చు. నాన్న చదివించాడని నా సిద్ధాంత గ్రంథం మొదటి పేజీలో కృతజ్ఞత రాశాను. కర్తృత్వం గురించి రెండు వందల పేజీలు రాసిన నేను, ఆ డబ్బు ఎవరిదని ఒక్కసారి కూడా అడగలేదు.

స్త్రీలే సభ్యులుగా, స్త్రీలే ఓటర్లుగా సంఘం పెట్టుకునే దారులు ఇప్పుడున్నాయి. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద మన జిల్లాల్లోనే పొదుపు సంఘాలు నమోదయ్యాయి. వాటిలోనూ ఒకామె అప్పుకి గుంపంతా పూచీ పడే చిక్కులున్నాయి. వాటి గురించి వేరే రాయాలి. ముందు మన ఇళ్ళలో, మన పేరు మీద ఉన్న కాగితాలు ఒకసారి బయటికి తీద్దాం. మిత్రులారా, మీ అమ్మలు, అత్తలు ఎక్కడెక్కడ సంతకాలు పెట్టారో అడిగారా?

వకీలు అమ్మని భాగస్వామ్యం నుంచి తప్పుకోమన్నాడు. పాత బాకీ ఎలాగూ పోదు గదా అని అడిగింది. పోదన్నాడు. “అయితే ఉంటాను, నాలుగో వంతు నాదే గదా” అంది. ప్రతి నెలా మొదటి సోమవారం మిల్లుకి వెళ్ళి లెక్కలు చూస్తోంది. అంకెలు చదవడానికి నన్ను తోడు రమ్మంటుంది. ఎవరి తరఫున వచ్చావని చిన్నాన్న మొదటిసారి నన్నడిగాడు. అమ్మ తరఫున అన్నాను.