ప్లేగు బోనసు నుండి కరువుభత్యం దాకా

పెరిగిన ధరలకు పరిహారంగా జీతంతో కలిపి ఇచ్చే మొత్తానికి మన భాషలో కరువుభత్యం అని పేరు. నెలజీతం వచ్చే ప్రతి ఇంటికీ ఈ మాట తెలిసినదే. ఆ భత్యం పెరిగినదన్న వార్త రేడియోలో వినవచ్చినప్పుడు, చేతిలోని పని పక్కన పెట్టి చెవి యొగ్గని గృహస్థు అరుదు. అయితే ఆ మాటలో ఒక విచిత్రమున్నది. దేశంలో కరువు లేకపోవచ్చును. పంటలు సమృద్ధిగా పండి ఉండవచ్చును. అయినను భత్యానికి కరువు పేరే. బజారులో వస్తువు నిండుగా ఉండి, కొనడానికి చేతిలో రూకలు చాలనప్పుడు ఆ ఇంటిలో ఉన్నది కరువే గదా! అందుచేత ఆ పేరు తగినదే అనిపించును.

కాని ధరలు పెరిగినంత మాత్రాన జీతం పెరగవలెనా? పెరిగితే ఎవరికి పెరగవలె, ఎంత పెరగవలె? పనివాడు దొరకని రోజులలో ఇచ్చిన ఎక్కువ కూలిని, దొరికే రోజులు రాగానే తీసివేయవచ్చునా? ఈ ప్రశ్నలన్నీ ఒక్కచోట, ఒక్క ఋతువులో తలయెత్తిన ఘట్టం మన దేశ చరిత్రలో ఒకటి ఉన్నది. అది 1918 ఆరంభంలో అహమ్మదాబాదు బట్టల మిల్లులలో జరిగిన వివాదం. గాంధీజీ ఉపవాసకథగా దానిని చాలమంది ఎరుగుదురు. కూలి లెక్కల కథగా దానిని మరొకమారు చూడవలెనని మా ఉద్దేశం.

కథకు మూలం ప్లేగు. ఆ వ్యాధి 1896లో బొంబాయి నగరంలో బయటపడినది. వ్యాధికి జడిసి కొందరు, ఇళ్ళు సోదా చేసే అధికారులకు జడిసి కొందరు, మిల్లు కార్మికులు వేలకొలదిగా తమ పల్లెలకు తరలిపోయినారు. మిగిలిన కొద్దిమంది కోసం మిల్లుల వారు వీధి మూలలలో నిలిచి, ఒకరిపై ఒకరు వేలం పాడినట్లు కూలి పెంచినారు. నెల గడచిన తరువాత మరికొన్ని వారాలకు గాని జీతం చేతికందని ఆ నగరంలో, ఏనాటి కూలి ఆనాడే ముట్టజెప్పవలసి వచ్చినది. వ్యాధి తగ్గినది; జనం తిరిగి వచ్చినారు; వేలంపాట ఆగినది. కొరత తెచ్చిన కూలి కొరతతోనే పోవునని బొంబాయి ఆనాడు నేర్చుకొన్నది.

ఇరువది ఏండ్ల తరువాత, 1917లో, అహమ్మదాబాదుకు అదే గతి పట్టినది. అప్పటికి మొదటి ప్రపంచయుద్ధం మూడేండ్లుగా సాగుతున్నది. ఇంగ్లండు నుండి వచ్చే లాంకషైరు బట్ట తగ్గినందున దేశీయపు మిల్లుబట్టకు గిరాకీ హెచ్చినది. మిల్లులకు అది లాభాల కాలం. అటువంటి కాలంలో ఒక్క దినం మగ్గం ఆగినా యజమానికి ఎంత నష్టమో వేరే చెప్పనక్కరలేదు. ఆగక నడవాలంటే నేతగాడు కావలెను. తెగిన పోగును కనిపెట్టి ముడివేయుట, నాడెలో కండె మార్చుట, బట్టలో లోపం రాకుండా కన్నువేసి ఉండుట నాలుగు దినాలలో అబ్బే విద్య కాదు. అందుచేత, ఊరు విడిచి పోనున్న నేతగాండ్రను నిలుపుకొనడానికి యజమానులు ప్లేగు బోనసు అనే పేరుతో అదనపు సొమ్ము ఇచ్చినారు. అది కొన్నిచోట్ల అసలు కూలిపై నూటికి 70, 80 వంతులదాకా పోయినది.

ఇక్కడ రెండు సంగతులు గమనించదగినవి. మొదటిది, ఈ బోనసు అందరికీ రాలేదు. పడుగు పట్టే శాఖలోని వారు అదే ఊరిలో ఉన్నారు. అదే ప్లేగును, అదే ధరలను ఎదుర్కొన్నారు. కాని వారికి బోనసు లేదు. మిల్లు యజమానుల లెక్కలో వారు నేతగాండ్రంతటి అవసరమైనవారు కారు. 1917 డిసెంబరులో వారు సమ్మెకు దిగినప్పుడు వారికి అండగా నిలిచినది అనసూయాబెన్ సారాభాయి. ఆమె తమ్ముడైన అంబాలాల్ సారాభాయి మిల్లు యజమానులలో అగ్రగణ్యుడు. ఆ తరువాతి వివాదంలో ఒకే ఇంటి వారు రెండు పక్షాలలో నిలిచినారు.

రెండవది, నేతగాండ్రకు వచ్చిన కొరత అంతయు ప్రకృతి తెచ్చినది కాదు. ఆనాటి మిల్లులలో నాడెలోని దారాన్ని నోటితో పీల్చి కంతలోనుండి లాగవలసి ఉండెడిది. ఒకరు నోరు పెట్టిన నాడెను మరొకరు ముట్టుకొనవలసి వచ్చును గనుక, అంటరానివారని పేరుపెట్టిన కులాలవారిని నేతశాఖలోకి రానిచ్చేవారు కారు. వారు వడుకు శాఖలో, తక్కువ కూలిపైననే ఉండిపోయినారు. బొంబాయిలో 1928 సమ్మె సందర్భంలో డాక్టరు అంబేద్కరు ఈ విషయాన్ని బహిరంగంగా లేవనెత్తినారు. అనగా, ఒకవైపు నేర్పరులు లేరని వాపోవుచు, మరొకవైపు నేర్వగల వారిని గడప దాటనీయని సంఘం మనది. పనివారి కొరతను గురించి మాట్లాడినప్పుడెల్లా ఈ మాట కూడ జ్ఞాపకముంచుకొనవలెను.

1918 ఆరంభానికి ప్లేగు శాంతించినది. బోనసు అవసరం తీరినదని యజమానులు దానిని నిలిపివేయ నిశ్చయించినారు. కాని ప్లేగు పోయినట్లు ధరలు పోలేదు. యుద్ధం వలన తిండిగింజలు, బట్ట, కిరసనాయిలు అన్నియు ప్రియమైనవి. నేతగాండ్రకు ఆ బోనసు అప్పటికి బోనసు కాదు. పెరిగిన ధరలతో ఇల్లు గడపే ఆధారమై కూర్చున్నది.

లెక్క సులువుగా తెలియడానికి ఒక ఉదాహరణ వేసుకొందాం. నెలకు 20 రూపాయల కూలి గల నేతగాని ఊహించండి. నూటికి 75 వంతుల బోనసు కలిసిన నెలలలో అతనికి 35 రూపాయలు వచ్చును. బోనసు పోతే తిరిగి 20 రూపాయలే. కార్మికులు బోనసుకు బదులుగా నూటికి 50 వంతుల పెంపు కోరినారు. అనగా ఇతనికి 30 రూపాయలు. యజమానులు నూటికి 20 ఇస్తామన్నారు. అనగా 24 రూపాయలు. ఆరు రూపాయల తేడా. మిల్లు జమాఖర్చులో అది చిన్న అంకె; కార్మికుని ఇంటిలో అది కొన్ని వారాల గింజలు.

గాంధీజీ, వల్లభభాయి పటేలు, శంకర్‌లాల్ బాంకరు కార్మికుల పక్షాన మధ్యవర్తులుగా ఏర్పడినారు. యజమానుల పక్షాన ముగ్గురు, అధ్యక్షుడుగా జిల్లా కలెక్టరు. ఇంతలో కొన్ని మిల్లులలో కార్మికులు తొందరపడి పని మానినారు. అది సాకుగా యజమానులు మధ్యవర్తిత్వం నుండి తొలగి, ఫిబ్రవరి 22న మిల్లులకు లాకౌటు ప్రకటించినారు.

ఆ సమయంలో గాంధీజీ చేసిన పని మనకు ముఖ్యం. కార్మికులు అడిగిన 50ని ఆయన అట్లే తలకెత్తుకొనలేదు. మిల్లుల లాభాల స్థితిని, బొంబాయి మిల్లులలోని కూలిని, బ్రతుకుతెరువు వ్యయాన్ని విచారించి, 1917 జూలై నాటి కూలిపై నూటికి 35 న్యాయమని తేల్చినారు. తమ వారికే కోరిక తగ్గించుకొమ్మని చెప్పినారు. పని దొరకని మనిషి ఎంతకు ఒప్పుకొనునన్నది గాని, పనివాడు దొరకని యజమాని ఎంతకు లొంగునన్నది గాని ఆ అంకెకు ఆధారం కాలేదు. ఒక కుటుంబం బ్రతుకుటకు ఎంత కావలెను, పరిశ్రమ ఎంత భరించగలదు అన్నవి ఆధారమైనవి. కూలిచర్చలో మన దేశంలో కనిపించిన గొప్ప మలుపులలో ఇది ఒకటని మేము తలచుచున్నాము.

యజమానుల వాదాన్ని కూడ న్యాయంగా చెప్పుకొనవలెను. యుద్ధకాలపు లాభం శాశ్వతం కాదు. కూలి శాశ్వతంగా పెంచితే రేపు గిరాకీ పడిపోయినప్పుడు మిల్లు గతి ఏమి అని వారడిగినారు. ఆ భయం వట్టిది కాదు. 1923 నాటికి మాంద్యం రానే వచ్చినది. అహమ్మదాబాదు మిల్లులు పెద్ద సమ్మె నెదుర్కొని కూలి తగ్గించినవి. కాని వారి రెండవ వాదం, తమకును కార్మికులకును ఉన్నది తండ్రీబిడ్డల సంబంధమని, నడుమ మూడవవాని ప్రసక్తి కూడదని అన్నది, అంత బలమైనది కాదు. అవసరపడ్డ బిడ్డలకు బోనసు ఇచ్చి, అవసరం తీరగానే తీసివేసే తండ్రి ఉండడు గదా!

సాబర్మతి ఒడ్డున ఒక తుమ్మచెట్టు క్రింద ప్రతిదినం సాయంకాలం సభ జరిగెడిది. రోజుకొక కరపత్రం వెలువడెడిది. పని లేనివారిని ఆశ్రమంలో నేతశాల పునాదులకు ఇసుక మోయడానికి పిలిచినారు. అనసూయాబెన్ తానూ తట్ట నెత్తికెత్తుకొన్నది. మార్చి 12న, నూటికి 20కి ఒప్పుకొనే వారికి మిల్లు తలుపులు తెరిచినారు. ఆకలి పెరిగి, పట్టు సడలజొచ్చినది. గాంధీజీ, అనసూయాబెన్ మోటారులో వచ్చి పోవుచున్నారని, కడుపు నిండ తినుచున్నారని, ఆకలిచావు తమదేనని కార్మికులలో గొణుగుడు పుట్టినది. ఆ మాట గాంధీజీ చెవిన పడినది. మార్చి 15న ఆయన నిరాహారదీక్ష పూనినారు.

మార్చి 18న రాజీ కుదిరినది. దాని షరతులు వింతగా ఉండును. మొదటిదినం నూటికి 35, కార్మికుల ప్రతిజ్ఞ నిలుచుటకు. రెండవదినం నూటికి 20, యజమానుల ప్రతిజ్ఞ నిలుచుటకు. మూడవదినం నుండి మధ్యవర్తి తీర్పు వచ్చువరకు రెంటికి మధ్యగా నూటికి 27½. మన ఉదాహరణలోని నేతగానికి అది నెలకు 25 రూపాయల 8 అణాలు. ప్రొఫెసరు ఆనందశంకర్ ధ్రువ మధ్యవర్తిగా ఉండి, ఆ ఏడు ఆగస్టులో నూటికి 35 తీర్పు ఇచ్చినారు. యజమానులు తన మిత్రులైనందున తన ఉపవాసం వారిపై ఒత్తిడి అయినదని, అందులో దోషమున్నదని గాంధీజీ తన ఆత్మకథలో ఒప్పుకొన్నారు. ఉపవాసం మిల్లుల తలుపులు తెరిచినది. అంకెను నిలబెట్టినది మాత్రం విచారణయే.

ఆ ఏడే ఏప్రిలులో చెన్నపట్నంలో బి. పి. వాడియా ప్రభృతులు మదరాసు లేబరు యూనియను నెలకొల్పినారు. ధరల మంట అన్ని ఊళ్ళలో ఒక్కటే. 1920లో అహమ్మదాబాదు కార్మికులు మజూర్ మహాజన్ అనే సంఘం స్థాపించుకొన్నారు. వివాదాలు తీర్చుటకు గాంధీజీ ఒకరు, మిల్లు యజమానుల తరఫున మంగళదాసు సేఠు ఒకరుగా మధ్యవర్తి మండలి ఏర్పడినది. రెండవ ప్రపంచయుద్ధంలో ధరలు మరల పెరిగినప్పుడు బొంబాయి, అహమ్మదాబాదు మిల్లులలో కరువుభత్యాన్ని జీవనవ్యయ సూచికకు ముడివేసినారు. అనగా ధర పెరిగినప్పుడెల్లా సమ్మె చేయనక్కరలేకుండా, అంకెయే అడుగుననుకొన్నారు.

ఆ అంకెను అందరూ ఎల్లప్పుడూ గౌరవించినారని కాదు. బ్యాంకు ఉద్యోగుల జీతాలపై ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును కేంద్రప్రభుత్వం ఉద్యోగులకు నష్టంగా సవరించినందుకు, 1954లో కేంద్ర కార్మికమంత్రి పదవికి రాజీనామా ఇచ్చినవారు మన తెలుగువారైన వి. వి. గిరిగారు. మజూర్ మహాజన్‌లో చాలకాలం కార్యదర్శిగా పనిచేసిన గుల్జారీలాల్ నందా 1957లో కార్మికమంత్రి. ఆ ఏడు జరిగిన 15వ భారత కార్మిక మహాసభ కనీసవేతనానికి లెక్క కట్టినది. సంపాదించేవానిపై ముగ్గురి పోషణ, తలకు ఏడాదికి 18 గజాల బట్ట, ఇంటి అద్దె, వంటచెరకు, దీపం, ఇతర ఖర్చులకు నూటికి 20 వంతులు. 1991లో సుప్రీంకోర్టు పిల్లల చదువు, వైద్యం మొదలైన వాటికి మరి 25 వంతులు చేర్చవలెనన్నది.

అహమ్మదాబాదు పాత మిల్లులు చాలవరకు 1980, 90లలో మూతపడినవి. వాటి లెక్క మాత్రం మన జీతపు పట్టీలో నిలిచి ఉన్నది. ప్లేగు బోనసు దొరకని మనిషికిచ్చిన వెల. కరువుభత్యం బ్రతుకవలసిన మనిషికిచ్చిన హక్కు. రెండింటికి నడుమ ఎంత దూరమున్నదో ఆ 1918 మార్చి చెప్పుచున్నది.

చివరకు ఒక్కమాట. మనకు కరువుభత్యం పెరిగిన నెలలోనే మన ఇంట అంట్లు తోమే మనిషికి కూడ బియ్యం, పప్పు, నూనె అదే ధరకు వచ్చును. ఆమె తలుపు తట్టే సూచిక ఏదియు లేదు. పడుగు శాఖవారి వలె ఆమెయు లెక్కకు వెలుపలనే ఉన్నది. ఆ లెక్క వేయుటకు మిల్లులు, మధ్యవర్తులు అక్కరలేదు. ఇంటి జమాఖర్చు పుస్తకం చాలును.