బాబిన్ లేసు

చిన్న కర్ర కండెలకు చుట్టిన దారాలను, దిండు మీద గుచ్చిన గుండుసూదుల ఆసరాతో ఒకదాని మీదుగా మరొకటి దాటిస్తూ, మెలితిప్పుతూ అల్లే జాలీ పని బాబిన్ లేసు. దీన్ని దిండు లేసు అని కూడా అంటారు. చేతి లేసుల్లో ఇదొక కుటుంబం. ఒకే సూది, ఒకే దారంతో గాలిలో కుట్లు వేసుకుంటూ పోయే సూది లేసు రెండోది. కొక్కెం సూదితో గొలుసు కుట్లు లాగే క్రోషే మూడోది. తెలుగువారికి ‘లేసు’ అనగానే గుర్తొచ్చే నరసాపురం అల్లిక ఈ మూడో రకానికి చెందుతుంది. బాబిన్ లేసు దక్షిణ భారతానికి దాదాపు రెండు వందల ఏళ్ల కిందటే వచ్చింది, అయితే అది నిలదొక్కుకున్నది తమిళనాడు దక్షిణపు కొసలో. గోదావరి తీరం క్రోషేను పట్టుకుంది. ఈ రెండు దారులనూ కలిపి చూస్తేనే మన లేసు చరిత్ర అర్థమవుతుంది.

పుట్టుక

బాబిన్ లేసు 16వ శతాబ్దపు తొలి సగంలో ఇటలీలోనూ, ఇప్పటి బెల్జియంలో ఉన్న ఫ్లాండర్స్ ప్రాంతంలోనూ కనిపిస్తుంది. ఏది ముందు అన్న వాదన ఇంకా తెగలేదు. అచ్చులో మాత్రం వెనిస్ ముందుంది. అక్కడ 1557లో ‘లె పొంపె’ అనే నమూనాల పుస్తకం వెలువడింది. 1561లో జ్యూరిక్‌లో మరో పుస్తకం వచ్చింది. దాన్ని రాసినామె తన పేరును రెండు పొడి అక్షరాలతో సరిపెట్టింది. వెనిస్ వర్తకులు ఈ పనిని 1536లో జ్యూరిక్‌కు తెచ్చారని, ఆడవాళ్లు దాన్ని బతుకుతెరువుగా మలచుకున్నారని ఆ పుస్తకం చెబుతుంది. జర్మనీలోని అన్నాబెర్గ్ గనుల ప్రాంతంలో ఈ పనిని వ్యాపారంగా పెంచిన ఘనత బార్బరా ఉట్‌మన్‌ది అంటారు. ఆమె 1575లో కన్నుమూసింది.

అప్పటి లేసు సంపన్నుల మెడపట్టీలకు, చేతి అంచులకు పోయేది. అల్లేది మాత్రం పేదింటి ఆడవాళ్లు, పిల్లలు. ఇంగ్లండులోని బకింగ్‌హామ్‌షైర్, బెడ్‌ఫర్డ్‌షైర్ ప్రాంతాల్లో అయిదారేళ్ల పిల్లల్ని ‘లేసు బడుల’కు పంపేవారు. పేరుకే బడి, అక్కడ జరిగేది రోజంతా దిండు ముందు కూర్చుని అల్లడం. డచ్ చిత్రకారుడు వెర్మీర్ 1669–70 ప్రాంతంలో గీసిన ‘లేసు అల్లే స్త్రీ’ ఇప్పుడు ప్యారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉంది. సుమారు జానెడు పొడవుండే చిన్న చిత్రం అది. అందులో ఆమె వేళ్ల మధ్య కండెలూ, వాటి నుంచి బిగుతుగా సాగిన రెండు దారాలూ కనిపిస్తాయి. ఒళ్లంతా ఆ వేళ్ల మీదికే వంగి ఉంటుంది. ఈ పని ఎంత చూపు అడుగుతుందో తెలుసుకోవడానికి అంతకు మించిన సాక్ష్యం లేదు.

1809 ప్రాంతంలో ఇంగ్లండులో జాన్ హీత్‌కోట్ జాలీ గుడ్డను యంత్రంపై నేయడానికి దారి చూపాడు. 1816లో కోపోద్రిక్తులైన పనివాళ్లు లఫ్‌బరోలోని ఆయన కర్మాగారంపై పడి యంత్రాలను పగలగొట్టారు. ఆయన డెవన్ జిల్లాలోని టివర్టన్‌కు తరలిపోయాడు. అదే డెవన్ హోనిటన్ చేతి లేసుకు పుట్టిల్లు. 1840లో విక్టోరియా రాణి తన పెళ్లికి హోనిటన్ లేసు ధరించి చేతిపనికి కొంత ఊపిరి పోసినా, గజాల లెక్కన అమ్ముడయ్యే సాదా అంచుల బేరం చివరికి యంత్రాలకే దక్కింది.

పనిముట్లు

కండె ఒక పొట్టి, సన్నని కర్ర. పైన దారం చుట్టుకునే మెడ, కింద పట్టుకునే పిడి. కుట్టుమిషన్లో వేసే గుండ్రటి బాబిన్‌కూ దీనికీ పోలిక లేదు. మధ్య ఇంగ్లండు కండెలకు అడుగున గాజు పూసల వలయం కడతారు. ఆ బరువు దారాన్ని బిగుతుగా ఉంచుతుంది, కండె దొర్లిపోకుండా ఆపుతుంది. హోనిటన్ కండెకు పూసలుండవు, కొస సూదిగా చెక్కి ఉంటుంది. ఆ లేసులో పువ్వులు, ఆకులు విడివిడిగా అల్లి ఒకదానికొకటి కలుపుతారు కనుక, చిన్న ఉచ్చులోంచి కండె మొత్తం దూరిపోవాలి. పని తీరే పనిముట్టు రూపాన్ని నిర్ణయించింది.

దిండు మెత్తగా ఉంటే పనికిరాదు. గుచ్చిన సూది కదలకుండా నిలవాలంటే గడ్డిని ముక్కలు చేసి రాయిలా గట్టిగా కూరాలి. మన దగ్గర వరిగడ్డితోనూ చేసుకోవచ్చు. ఈ రోజుల్లో చాలామంది దట్టమైన ఫోమ్ పలకకు నూలుగుడ్డ చుట్టి వాడుతున్నారు. గుండుసూదులు ఇత్తడివైతే మేలు. ఇనుపవాటికి తుప్పు పట్టి తెల్లదారం మీద మరక పడుతుంది. నమూనాను అట్టపై గీసి, సూది పడాల్సిన ప్రతి చోటా ముందే చిల్లు పొడుస్తారు. పాతకాలంలో ఈ అట్ట స్థానంలో తోలుకాగితం ఉండేది, ఒకే నమూనా తల్లి నుంచి కూతురికి చేరేది. దారం నారదో నూలుదో కావచ్చు. సన్నని క్రోషే దారంతో మొదలుపెట్టడంలో తప్పేమీ లేదు.

అల్లే తీరు, నమూనాలు

ఎంత క్లిష్టమైన బాబిన్ లేసైనా రెండే కదలికలతో తయారవుతుంది. ఒకే దారపు రెండు కొసలను రెండు కండెలకు చుడితే ఒక జత. రెండు జతలు, అంటే నాలుగు కండెలు, ఒకేసారి చేతిలోకి తీసుకుంటారు. ఎడమ నుంచి వాటి స్థానాలను ఒకటి, రెండు, మూడు, నాలుగు అనుకుందాం. రెండోదాన్ని మూడోదాని మీదుగా వేస్తే ‘దాటు’. రెండోదాన్ని ఒకటోదాని మీదుగా, నాలుగోదాన్ని మూడోదాని మీదుగా వేస్తే ‘మెలి’. అంకెలు స్థానాలవే తప్ప కండెలవి కావు. ఏ కదలిక తర్వాతైనా మళ్లీ ఎడమ నుంచే లెక్క. కొత్తగా నేర్చుకునేవారు తడబడేది సరిగ్గా ఇక్కడే, ఇది వంటబట్టాక చేతులు వాటంతటవే సాగుతాయి. జడ అల్లడం వచ్చిన చేతికి ఇది మరీ కొత్తగా ఉండదు, కాకపోతే మూడు పాయల బదులు నాలుగు.

దాటు, మెలి ఒక్కోసారి వేస్తే సగం కుట్టు, అది పలుచని జాలీ. దాటు, మెలి, మళ్లీ దాటు వేస్తే గుడ్డ కుట్టు. నిజంగానే పడుగూ పేకలా దట్టంగా కూర్చుంటుంది. దాని చివర మరో మెలి చేరిస్తే నిండు కుట్టు. పువ్వు లోపలి దట్టమైన భాగం గుడ్డ కుట్టుతో, నీడలా తేలే భాగం సగం కుట్టుతో నింపుతారు. దారం ఒకటే, రంగు ఒకటే, వెలుగునీడలు కుట్టు వల్లే వస్తాయి. ఈ కళలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే.

నేర్చుకోవడానికి అందరూ మొదట పట్టుకునేది టోర్షన్ లేసు. దాని నమూనా గ్రాఫ్ కాగితం మీద ఏటవాలు చుక్కలుగా దిగుతుంది కాబట్టి సొంతంగా గీసుకోవచ్చు. నేల అనే ఖాళీ జాలీకి సగం కుట్టు వేసి, సూది గుచ్చి, మళ్లీ సగం కుట్టుతో ఆ సూదిని మూసేస్తారు. దాని నడుమ సాలీడు అనే నమూనా వస్తుంది. రెండు వైపుల నుంచి జతలు కాళ్లలా మెలిదిరిగి మధ్యలో గుడ్డ కుట్టుతో ఒళ్లుగా కలిసి మళ్లీ విడిపోతాయి. అంచుకు విసనకర్ర అనే నమూనా వేస్తారు. పది పన్నెండు జతలతో ఒక చక్కని అంచు తయారవుతుంది. బకింగ్‌హామ్‌షైర్ పాయింట్ లేసులో చుక్కల వాలు నిటారుగా, జాలీ తేనెపట్టు గదుల్లా ఉంటుంది. రష్యాలోని వోలోగ్డా లేసు మరో దారి పట్టింది. కొద్ది జతలతో ఒక పొడవాటి పట్టీ అల్లి, దాన్ని వంపులు తిప్పుతూ, కొక్కెంతో అంచులు కలుపుతూ బొమ్మ కడుతుంది.

దక్షిణ భారతానికి రాక

లండన్ మిషనరీ సొసైటీ తరఫున ఛార్లెస్ మాల్ట్, ఆయన భార్య మార్తా 1819లో అప్పటి తిరువాన్కూరు సంస్థానంలోని నాగర్‌కోయిల్ చేరారు. డెవన్ నుంచి వచ్చిన మార్తా అక్కడ ఆడపిల్లల బడి నడిపింది. 1820ల తొలినాళ్లలో ఆ పిల్లలకు దిండు లేసు నేర్పడం మొదలుపెట్టింది. చదువు, వసతి ఖర్చును ఈ పని భరించింది. బానిసత్వంలో పుట్టిన కొందరు స్త్రీలు లేసు సంపాదనతో తమ విడుదలను తామే కొనుక్కున్నారని మిషన్ చరిత్రలు చెబుతాయి. తిరువాన్కూరులో బానిసత్వం చట్టరీత్యా రద్దయింది 1855లో. అంటే చట్టం ఇవ్వకముందే కొందరికి కండె ఇచ్చిన స్వేచ్ఛ అది. ఈ దేశంలో లేసు చరిత్ర రాసేవారు ముందు వరసలో పెట్టాల్సిన సంగతి ఇదేనని నా అభిప్రాయం.

మార్తా కూతురు ఎలైజా 1844లో రాబర్ట్ కాల్డ్‌వెల్‌ను పెళ్లాడి తిరునెల్వేలి ప్రాంతంలోని ఇడైయన్‌గుడి చేరింది. 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం వెలువరించి, తెలుగు, తమిళాలు ఒకే కుటుంబానివని వివరంగా నిరూపించిన కాల్డ్‌వెల్ ఆయనే. భర్త వ్యాకరణం రాస్తున్న ఊళ్లోనే భార్య ఆడపిల్లలకు చదువుతోపాటు లేసు నేర్పింది. 1897లో బెల్జియంలోని ఈప్రె నుంచి సిస్టర్ మారీ లూయీజ్ ద మేస్తర్ నాగర్‌కోయిల్ సమీపంలోని ములగుమూడు వచ్చి అనాథ పిల్లల ఆశ్రమం బాధ్యత తీసుకుంది. ఈప్రె స్వయంగా లేసు పట్నం. ములగుమూడు కాన్వెంటులోనూ లేసు పని వేళ్లూనుకుంది. 

గోదావరి తీరం, క్రోషే

తెలుగునాట ఈ కథ నరసాపురంలో సాగింది. పశ్చిమ గోదావరి డెల్టాలో లేసును 19వ శతాబ్దంలో స్కాట్లండ్ మిషనరీలైన మక్రే దంపతులు ప్రవేశపెట్టారని చెబుతారు. మొదట అల్లింది క్రైస్తవంలోకి మారిన నిరుపేద కుటుంబాల స్త్రీలు. తర్వాత గడప దాటి కూలికి వెళ్లడం పరువుతక్కువ అనుకున్న కాపు కుటుంబాల స్త్రీలూ ఈ పనిలోకి వచ్చారు. పాలకొల్లు, మొగల్తూరు, ఆచంట, భీమవరం చుట్టుపక్కల ఊళ్లకు, గోదావరి అవతల రాజోలు వైపుకూ పాకింది.

ఇక్కడ దిండు ఎందుకు నిలవలేదన్నదానికి పనిముట్లలోనే సమాధానం ఉందనుకుంటాను. డజన్ల కొద్దీ కండెలు వేలాడే దిండును పని మధ్యలో కదపడం కష్టం. పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా, చంటిబిడ్డ ఏడుస్తుండగా దాన్ని వదిలి లేస్తే దారాలు చిక్కుపడతాయి. క్రోషే సూది కొంగులో దాచుకోవచ్చు, ఎక్కడ ఆపిన కుట్టు అక్కడే ఆగుతుంది. బడిలో, కాన్వెంటులో కుదురుగా కూర్చునే పిల్లలకు దిండు సరిపోయింది. ఇంటి చాకిరీ మధ్య అల్లే గృహిణికి సూదే సరిపోయింది.

ఆ సౌకర్యానికి ఆమె చెల్లించిన మూల్యం పెద్దది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో పరిశోధించి 1982లో ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నరసాపూర్’ అనే పుస్తకం ప్రచురించింది. పని ఎలా ముక్కలైందో అందులో చూపింది. పువ్వులూ పలకలూ అల్లేది చేతిపని, ఉచ్చులు వేసేది కాజాల పని, అన్నింటినీ కలిపి బల్లగుడ్డగా మార్చేది అతుకుపని. ఒక్కో పని ఒక్కో ఇంట్లో. దారం ఇచ్చి సరుకు తీసుకెళ్లేది ఏజెంటు, విదేశాలకు పంపేది ఎగుమతిదారు. పూర్తయిన బల్లగుడ్డ ఎలా ఉంటుందో, ఏ దేశంలో ఎంతకు అమ్ముడవుతుందో అల్లినామెకు తెలిసేది కాదు. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లిన స్త్రీ సగటు సంపాదన 56 పైసలని మీస్ లెక్క తేల్చింది. పొలం కూలికి వెళ్లిన స్త్రీకి అంతకన్నా ఎక్కువే దక్కేది. ఈ దోపిడీ సాగడానికి ఆధారం ఒక్కటే: అల్లేవారు ‘ఊరికే ఇంట్లో కూర్చునేవారు’, ఇది వారి ‘తీరిక పని’ అన్న మాట. ఎగుమతిదారూ అదే అన్నాడు, ఇంటి మగవాడూ అదే అన్నాడు, చివరికి అల్లే స్త్రీ కూడా అదే నమ్మింది.

ఇటీవల

యూరప్‌లో బాబిన్ లేసు కూలిపనిగా అంతరించి అభిరుచిగా మళ్లీ పుట్టింది. బ్రిటన్‌లో లేస్ గిల్డ్ 1976లో ఏర్పడింది. బాబిన్, సూది లేసుల అంతర్జాతీయ సంస్థ ఓయిద్‌ఫా 1982లో మొదలైంది. స్లొవేనియాలోని ఇద్రియాలో 1876లో పెట్టిన లేసు బడి ఇప్పటికీ నడుస్తోంది. ఆ దేశపు బాబిన్ లేసును యునెస్కో 2018లో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. వీరిలో చాలామంది తమ సంతోషానికే అల్లుతారు, కూలి కోసం కాదు.

నరసాపురం క్రోషే ఇంకా జీవనోపాధే. ఊరికి దగ్గర్లోని సీతారామపురంలో అంతర్జాతీయ లేసు వ్యాపార కేంద్రం ఉంది. నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. యంత్రంపై తయారైన సరుకును ఆ పేరుతో అమ్మకుండా అది అడ్డుకుంటుంది. అల్లినామెకు ఎంత ముట్టాలో మాత్రం ఆ గుర్తింపు చెప్పదు. అందుకే నరసాపురం లేసు కొనేవారు అంచు నాణ్యతతోపాటు, దాన్ని అల్లినవారికి ఎంత కూలి అందిందో కూడా అమ్మేవారిని అడగాలి.