జీతం బకాయికి హోదా అడ్డు కాదు

నెల పొడవునా పనిచేసినా జీతం చేతికందని సందర్భాలు ప్రైవేటు సంస్థల్లో తలెత్తుతూనే ఉన్నాయి. ‘మీరు మేనేజరు, కార్మిక చట్టం మీకు వర్తించదు’ అన్న యాజమాన్యం మాట విని మిన్నకుండిపోయే ఉద్యోగులు ఎందరో. ఆ మాట కొన్ని వివాదాల్లో నిజమే అయినా జీతం బకాయి విషయంలో ఇప్పుడు చెల్లదు.

పాత పరిమితి

1936 నాటి వేతన చెల్లింపు చట్టం నిర్ణీత జీతం లోపు వారికే రక్షణ కల్పించేది. ఆ పరిమితి 2005లో నెలకు రూ.6,500, 2012లో రూ.18,000, 2017లో రూ.24,000 అయింది. అంతకు మించి జీతం పొందేవారు ఆ చట్టం కింద దరఖాస్తు చేసుకునే వీలుండేది కాదు. బకాయి కోసం చాలామంది సివిల్ కోర్టు మెట్లెక్కవలసి వచ్చేది.

తొలగిన గీత

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్-2019లో ఈ పరిమితి లేదు. సూపర్‌వైజర్లు, మేనేజర్లు, పరిపాలనా సిబ్బంది సైతం ‘ఉద్యోగి’ నిర్వచనంలోకి వస్తారు. అప్రెంటీస్‌లు, సాయుధ దళాల సభ్యులు మాత్రం రారు. నెల జీతాన్ని మరుసటి నెల ఏడో తేదీ లోపు చెల్లించాలి. రాజీనామా చేసినా, తొలగించినా రెండు పనిదినాల్లో బకాయి ఇవ్వాలి.

మినహాయింపు ఎక్కడ?

‘ఉద్యోగి’, ‘కార్మికుడు’ ఒకటి కాదు. పారిశ్రామిక సంబంధాల కోడ్-2020 ప్రకారం మేనేజర్లు, రూ.18,000కు మించి జీతం పొందే సూపర్‌వైజర్లు కార్మికులు కారు. కనుక తొలగింపుపై పారిశ్రామిక వివాదం లేవనెత్తే హక్కు వారికి ఉండదు. అయితే ఇక్కడ న్యాయస్థానాలు పరిశీలించేది హోదా పేరును కాదు, ప్రధానంగా చేసే పని స్వభావాన్ని.

ఫిర్యాదు ఎలా?

ప్రభుత్వం నియమించిన గెజిటెడ్ అధికారికి ఉద్యోగి స్వయంగా గానీ, సభ్యత్వం ఉన్న కార్మిక సంఘం ద్వారా గానీ మూడేళ్లలోపు దరఖాస్తు చేసుకోవచ్చు. జీతం చెల్లించామని నిరూపించే బాధ్యత యజమానిదే. బకాయితో పాటు దానికి పది రెట్ల వరకు పరిహారం విధించే అధికారం ఆ అధికారికి ఉంది. యజమాని చెల్లించకుంటే ఆ మొత్తాన్ని కలెక్టరు ద్వారా భూమిశిస్తు బకాయిలా వసూలు చేయిస్తారు.

నియామక పత్రం, జీతం చీటీలు, బ్యాంకు ఖాతా వివరాలు, హాజరు రికార్డుల నకళ్లను ఉద్యోగంలో ఉండగానే భద్రపరచుకోవడం మేలు.