మాయాదర్పణం: కంచు వెనుక దాగిన బొమ్మ

ఇంద్రజాలికుల పరికరాల్లో చాలావాటికి రహస్యపు అరో, దొంగ అడుగో, కంటికి ఆనని దారమో ఆధారం కాగా, మాయాదర్పణానికి అలాంటి ఏర్పాటేదీ అక్కరలేదు. మెరుగుపెట్టిన ఆ కంచుబిళ్లలో చూసేవారి ముఖం తప్ప మరో గీత కనిపించదు. కానీ దాన్ని ఎండకు పట్టి వెలుగును గోడ మీదికి మళ్లిస్తే, బిళ్ల వీపున ఉబ్బెత్తుగా పోతపోసిన అక్షరాలూ బొమ్మలూ లోహాన్ని దాటి వచ్చినట్టు ఆ వెలుగులో తేలుతాయి. నేడు గారడీ వస్తువుగా అమ్ముడయ్యే ఈ అద్దానికి మూలం ప్రాచీన చైనా పోతపనిలో ఉంది.

గాజు అద్దాలు వాడుకలోకి రాకముందు చైనాలో రాగికి తగరం దండిగా కలిపి, కొద్దిగా సీసం చేర్చి అద్దాలు పోతపోసేవారు. హాన్ వంశకాలానికి (క్రీ.పూ. 206 – క్రీ.శ. 220) చెందిన వాటిలో కొన్నింటికి ఈ వింత గుణం ఉండేది, అలాంటిది ఒకటి షాంఘై మ్యూజియంలో ఉంది. 11వ శతాబ్దపు పండితుడు షెన్ కువో తన ఇంట్లోనే ఇలాంటి అద్దాలు మూడున్నాయని రాశాడు. పోతపోసినప్పుడు పలుచని భాగం ముందుగా, మందపు భాగం ఆలస్యంగా చల్లారి ఎక్కువగా ముడుచుకోవడం వల్ల ముఖం మీద కంటికి అందని ఆనవాళ్లు మిగులుతాయని ఆయన వివరణ.

ఐరోపా శాస్త్రలోకానికి ఈ వార్త చేరిన దారుల్లో ఒకటి కలకత్తా. తర్వాతి కాలంలో బ్రాహ్మీ లిపిని చదివి ప్రసిద్ధుడైన జేమ్స్ ప్రిన్సెప్, 1832లో అక్కడి ఏషియాటిక్ సొసైటీ పత్రికలో జపాన్ మాయాదర్పణాల గురించి రాశాడు. వెనుకనున్న బొమ్మనే ముఖం మీద అతి సన్నగా గీసి, పైన మెరుగుపెట్టి ఉంటారని భౌతిక శాస్త్రవేత్త డేవిడ్ బ్రూస్టర్ ఊహించాడు. భారత తంతిశాఖలో పనిచేసి జపాన్ వెళ్లిన విలియం ఎర్టన్, జాన్ పెరీతో కలిసి 1878లో అసలు కిటుకును బయటపెట్టాడు. అక్కడి పనివారు పోతపోసిన బిళ్ల ముఖాన్ని మొండి ఇనుపకడ్డీతో ఒత్తి రుద్దుతారు. ఒత్తిడికి లోనికి వంగిన పలుచని భాగాలు కడ్డీ తీయగానే తిరిగి ఎగసి, మందపు భాగాలకన్నా కాస్త ఎక్కువ ఉబ్బుతాయి. ఉబ్బిన చోట వెలుగు చెదిరి మసకబారుతుంది; ఉబ్బు తక్కువైన మందపు చోట చిక్కబడుతుంది. అందుకే వెనుక ఉబ్బెత్తుగా ఉన్న బొమ్మ గోడ మీద ప్రకాశంగా కనిపిస్తుంది.

వాకిట్లో ఎండకు పెట్టిన స్టీలు పళ్లెం, చేతికి తగలని తన సొట్టలను ఎదుటి గోడ మీద వెలుగు మడతలుగా చూపడానికి కారణం ఇదే. దర్పణంలోని ఎత్తుపల్లాలు మిల్లీమీటరులో వెయ్యో వంతుకన్నా తక్కువగా ఉన్నా చాలని, 2006లో భౌతిక శాస్త్రవేత్త మైఖేల్ బెర్రీ గణితపరంగా వివరించాడు.

అసలైన దాపరికం రెండో పలకతో మొదలైంది. బొమ్మ ఉన్న వీపును మరో బొమ్మ గల పలకతో కప్పేస్తే, వెనుక ఒకటి, వెలుగులో ఇంకొకటి కనిపిస్తాయి. 1614 నుంచి 1873 దాకా క్రైస్తవం నిషిద్ధమైన జపాన్‌లో, రహస్యంగా ఆరాధించే భక్తులకు శిలువ బొమ్మను ఇలా దాచుకునే వీలు కలిగింది. అమెరికాలోని సిన్సినాటి ఆర్ట్ మ్యూజియంలో ఏళ్లుగా మామూలు అద్దంగా భావించిన ఒకటి, వీపున అక్షరాలు మాత్రమే ఉన్నా, వెలుగులో అమితాభ బుద్ధుణ్ని చూపుతుందని 2022లో లోకానికి తెలిసింది.

ఇంద్రజాలానికి పనికొచ్చే మెళకువ ఈ రెండో పలకలోనే ఉంది. మిగిలినదంతా పోతగాని నైపుణ్యం. కిటుకు బయటపడితే తక్కిన వింతలు తేలిపోతాయి గానీ, ఇక్కడ అది తెలిసినకొద్దీ చేసినవాడి చేతి మీద గౌరవం పెరుగుతుంది. కనుక ఈ అద్దాన్ని వేదిక మీద చూపేవారు చప్పట్లు ముగిశాక దాని వీపును కూడా చూపి, ఒత్తిడీ మెరుగూ పనిచేసే తీరును ప్రేక్షకులకు వివరించడం ఆ పనివారికి చెల్లించవలసిన న్యాయమైన గౌరవం.